ఖాళీ తూటా

1978లో నా దగ్గర ఏమేం ఉన్నాయో ముందు చెబుతాను. అరిజోనాలో ఫ్లాగ్‌స్టాఫ్‌కి తూర్పున, పైన్ చెట్ల మధ్య చిన్న ఊళ్ళో ఒక ఇల్లు. మేకులు, గాలాలు, తుపాకులు కలిపి అమ్మే ఒక కొట్టు. నా సొంతానికి ఒక పాత థర్టీ ఆట్ సిక్స్ రైఫిలు. మా మనుషుల్లో ఒక పేరు. ఈ నాలుగింటిలో నాకు ముద్దు చివరిదే.

మా మనుషులంటే ఫీనిక్స్, చాండ్లర్ చుట్టుపక్కల ఉండే పాతిక తెలుగు కుటుంబాలు. అందరూ డాక్టర్లు, ఇంజనీర్లు. వేటాడేవాణ్ణి నేనొక్కణ్ణే. ఎల్క్ అంటే మన కణుజుకి పెద్దన్న, పోతుది ఎద్దంత ఉంటుంది. దాని మాంసంతో మా శశికళ పెట్టిన పచ్చడి సీసా పట్టుకుని, తలొక వంటా తెచ్చే ఉగాది పాట్‌లక్‌కి వెళ్తే, "ఎల్క్ నరసింహంగారొచ్చారు!" అని గదంతా ఇటు తిరిగేది. ఆ పేరు తేరగా రాలేదు. మూడేళ్ళు ఉత్త చేతులతో కొండలు దిగాక వచ్చింది.

1981లో రాజగోపాల్ మా ఊరికి సర్జన్‌గా వచ్చాడు. నాకన్నా పదేళ్ళు చిన్న, చదువులో గోల్డ్ మెడల్. మొదటి ఉగాదికే గది సగం అటు తిరిగింది. ఒకరి మోకాలు నొక్కి చూస్తాడు, ఇంకొకరి రిపోర్టు చదివి పెడతాడు. ఆ ఏడే నా కొట్లో చిన్న టూ ఫార్టీ త్రీ రైఫిలు కొని, నా వెనకే అడవికొచ్చి, మొదటి రోజు, మొదటి గుండుకి జింకను పడగొట్టాడు.

"చెయ్యి ఎంత నిలకడో చూశారా! సర్జన్ చెయ్యి కదండీ," అంది శశికళ.

"నా చేతికేమొచ్చింది?"

"మీ చేతికేం, బంగారం. నిలవడానికే మూడేళ్ళు పట్టింది."

నవ్వుతూనే అంది. నాకు మాత్రం ఆ పూట అన్నం సహించలేదు.

ఎల్క్‌ని కొట్టాలంటే రాష్ట్రం వాళ్ళు లాటరీ తీసి ఇచ్చే ట్యాగ్ ఉండాలి. మనిషికొక ట్యాగ్, ట్యాగ్‌కొక జంతువు. ఎవరి గుండుకి చస్తే వాళ్ళ ట్యాగ్ దానికి కట్టాలి. 1983లో ఇద్దరం ఒకే దరఖాస్తు మీద పేర్లు పెట్టాం. ఇద్దరికీ తగిలింది. ఆగస్టులో రాజగోపాల్ భార్య వసుమతితో కలిసి కొట్టుకొచ్చాడు.

"నరసింహంగారూ, నా టూ ఫార్టీ త్రీ ఎల్క్‌కి చాలదంటున్నారు."

"చాలదు డాక్టరుగారూ. గుండు పెద్దది కావాలి."

"అన్నిట్లోకీ పై నంబరు ఏది?"

ర్యాంకులు తెచ్చుకున్న మనవాళ్ళందరూ అలాగే అడుగుతారు. అతనికి సరిగ్గా సరిపోయే థర్టీ ఆట్ సిక్స్ కొత్తది నా వెనకే స్టాండులో ఉంది. దాని పక్కన, అంతకన్నా పెద్ద గుండు పడే త్రీ థర్టీ ఎయిట్ మాగ్నమ్‌లు రెండున్నాయి. ఒకటి బరువైనది, వెనక మందపాటి రబ్బరుతో. రెండోది తేలికది. గుండు పెద్దదైన కొద్దీ తుపాకీ వెనక్కి తంతుంది. తుపాకీ తేలికైన కొద్దీ ఆ తాపు ఇంకా గట్టిగా భుజానికి తగులుతుంది. దానికి జడిసినవాడు ట్రిగ్గర్ నొక్కీ నొక్కకముందే కన్ను మూసి గొట్టం కిందికి వంచేస్తాడు. కొట్లో చేతిలో పట్టుకుని చూస్తే ఇదేమీ తెలియదు. కొట్లో ఏ తుపాకీ తన్నదు.

తేలికది తీసి అతని చేతిలో పెట్టాను.

"ఎల్క్‌కి ఎముక లావు. దీని గుండు భుజాన్ని విరుచుకుని లోపలికి పోతుంది. పైగా మనం కొండ ఎక్కాలి, బరువు మోయడం దేనికి?"

ఒక్కొక్క మాటా నిజమే. కలిపితే అబద్ధం.

"మీరేది వాడతారన్నయ్యగారూ?" అంది వసుమతి.

"నాది పాతదమ్మా. థర్టీ ఆట్ సిక్స్."

"ఎల్క్‌లన్నీ దాంతోనే కొట్టారా?"

"ఆఁ."

"మరి ఈయనకి అంతకన్నా పెద్దదెందుకు?"

"నువ్వూరుకో వసూ," అన్నాడు రాజగోపాల్. "ఇచ్చేది ఎల్క్ నరసింహంగారు. ఆయనకి తెలీదా?"

ఆ మాటకి నా మనసు కరగాల్సింది. కరగలేదు.

రెండు వారాల తర్వాత ఊరి బయట షూటింగ్ రేంజికి వెళ్ళాం. మూడో గుండుకి తుపాకీ మీద గురి చూసే స్కోపు వెనక్కొచ్చి కనుబొమ మీద నెలవంకలా కోసింది.

"ఏం తన్నుతోందండీ బాబూ! కుట్లేసే నాకే కుట్లు పడేలా ఉన్నాయి," అని రుమాలు అద్దుకుంటూ నవ్వాడు.

జడుస్తున్నాడని అనుమానం వచ్చి వేటగాళ్ళు చేసే పరీక్ష చేశాను. చెప్పకుండా, అప్పటికే కాల్చేసిన ఖాళీ తూటా ఒకటి లోపల పెట్టి తుపాకీ అతనికిచ్చాను. పేలదు కాబట్టి తన్నదు. చెయ్యి ఏం చేస్తోందో ఉన్నదున్నట్టు బయటపడుతుంది. అతను గురి పెట్టి నొక్కాడు. టక్ మంది, అంతే. గొట్టం కొన మాత్రం కొట్టినట్టు కిందికి వంగింది.

అతను తుపాకీ దించి నావైపు చూశాడు. "ఇది మీకొద్దు, మార్చి ఇస్తాను" అన్న మాట నా నాలిక మీదే ఉంది. సరిగ్గా అప్పుడే సగం అటు తిరిగిన ఉగాది గది నా కళ్ళ ముందుకొచ్చింది.

"ఫరవాలేదు," అన్నాను.

నవంబరు చివర్లో పల్చగా మంచు పడ్డ ఉదయం కొండ మీదున్నాం. రెండొందల గజాల దూరంలో ఆస్పెన్ చెట్ల నుంచి పోతు ఎల్క్ ఒకటి బయటికొచ్చింది. అంత పెద్దది నేనెప్పుడూ చూడలేదు.

"మీరు కొట్టండి," అన్నాను. అది మర్యాద కాదు. అతని గురి తప్పడం దగ్గరుండి చూడాలని.

పేలింది. ఎల్క్ పడలేదు. వీపు గూనిలా ముడుచుకుని, అడుగులో అడుగేసుకుంటూ చెట్లలోకి పోయింది. వెళ్ళి చూస్తే మంచు మీద నల్లటి రక్తం, అందులో నమిలిన గడ్డి. గుండు పొట్టలో పడింది. అతను తప్పుతాడని లెక్క వేశాను. సగం తగులుతుందని వేయలేదు.

ఎనిమిది గంటలకి మొదలుపెట్టి మూడింటిదాకా ఆ రక్తం వెంట నడిచాం. అది రెండు చోట్ల పడుకుని లేచింది. పడుకున్నంత మేరా మంచు కరిగి ఎర్రగా ఉంది. చివరికి పడిపోయిన మానుల మధ్య, తల వేలాడేసి నిలబడి కనిపించింది. అతను తుపాకీ ఎత్తాడు. మళ్ళీ దించేశాడు.

"నావల్ల కాదండీ. మీరు."

నా పాత రైఫిలుతో ఒక్కటి కొట్టాను. కూలింది.

పొట్ట కోసింది అతనే. తన గుండు ఎటునుంచి ఎటు పోయిందో వేలు పెట్టి చూసి, మంచుతో చేతులు కడుక్కున్నాడు.

"ఆ రోజు రేంజిలో ఖాళీ తూటా పెట్టారు కదూ," అన్నాడు. "గొట్టం వంగినట్టు నాకే అనిపించింది. మీరు ఫరవాలేదన్నారు. ఇన్నేళ్ళు వేటాడిన కన్ను కదా అని, నాదే భ్రమనుకున్నాను."

ఎందుకలా అన్నారని అడగలేదు. అడిగితే ఏదో ఒక జవాబు అల్లేవాణ్ణి.

"ట్యాగ్ మీది కట్టండి," అన్నాడు లేస్తూ.

ఆ ఉగాదికి గది మళ్ళీ నావైపు తిరిగింది. "ఒక్కో కొమ్ముకి ఆరేసి కొమ్మలటగా!" అంటూ చుట్టూ చేరారు. నేను చెప్పడం మొదలుపెట్టానో లేదో, రాజగోపాల్ పక్కకొచ్చి నిలబడ్డాడు.

"దాన్ని పాడు చేసింది నేను. నా చేతకానితనం వల్ల ఏడు గంటలు నరకం చూసింది. నరసింహంగారు లేకపోతే ఇంకా రెండ్రోజులు చూసేది."

మా అందరిలోకీ పెద్దావిడ జానకీదేవిగారు, "ఇంతమందిలో తప్పు ఒప్పుకునేవాళ్ళు ఎంతమంది నాయనా!" అని అతని చెయ్యి పట్టుకుంది. ఒక్కొక్కరే అటు జరిగారు. ఓడిపోయి కూడా గదిని అతనే తీసుకున్నాడు. వసుమతి ఒక్కతే నా దగ్గర మిగిలింది. పచ్చడి సీసా మూత తీయబోయి, మళ్ళీ బిగించింది.

"అంత పెద్దదెందుకని అడిగాను కదన్నయ్యగారూ," అంది మెల్లగా.

రాజగోపాల్ ఆ మాగ్నమ్‌ని నా కౌంటరు మీద పెట్టి వెళ్ళిపోయాడు. తర్వాత ఫ్లాగ్‌స్టాఫ్‌లో వేరే కొట్లో థర్టీ ఆట్ సిక్స్ కొన్నాడని, ఏడాదంతా రేంజిలో కాల్చాడని విన్నాను. 1986లో మళ్ళీ ట్యాగ్ తగిలింది. ఒక్క గుండుకే పడిందట. ఒక పొట్లం మాంసం మా ఇంటికి పంపాడు.

"ఎంత మెత్తగా ఉందో! అప్పటి మీ పెద్దదాన్ని ఎంతసేపు ఉడికించినా పీచే," అంది శశికళ, దాంతో పచ్చడి కలుపుతూ.

ఏడు గంటలు నొప్పితో నడిచిన మాంసం మెత్తగా ఎలా ఉంటుందని నేను ఆమెకి చెప్పలేదు.

మొత్తం లెక్క తీస్తే నాకు వచ్చినవి ఇవి. కౌంటరు పైన గోడకి ఆరేసి కొమ్మల కొమ్ములు. ఇప్పటికీ పిలిచే ఆ పాత పేరు. సీసాడు పచ్చడి. మూడింటిలో నోటికి రుచించింది చివరిదే. అది నేను కొట్టింది కాదు.