ఏరిన మాటలు

"మిల్లుల పనిజేస్తవ్, ఇంట్ల బియ్యంల రాళ్ళేందే?" అంటాడు మా ఆయన వీరేందర్, పంటికింద రాయి తగిలిన ప్రతిసారీ. మిల్లు నాదైనట్టు! అవి మా యాడి గౌరీబాయి పంపే బియ్యం. మా లంబాడీలో అమ్మని యాడి అంటాం. దామరచర్ల పక్కన తండాలో తను పండించిన వడ్లు అక్కడే చిన్న గిర్నీలో పట్టించి, సంచి కట్టి బస్సులో వేస్తుంది. రాళ్ళుంటాయి, వడ్లగింజలుంటాయి. అందుకని వీలున్నప్పుడల్లా చాట ముందేసుకుని కూర్చుంటాను. ఎదురుగా నా కూతురు పూజ కూర్చుంటుంది. రెండో తరగతి. దాని కళ్ళు ఎంత చురుకంటే, నా వేలు రాయిదాకా వెళ్ళేలోపు అది ఏరి పక్కన పెట్టేస్తుంది. నేర్పింది నేనే. "రాయి కనపడ్డంక ఆలోచించొద్దు బిడ్డా, తీసి అవుతల పడెయ్యాలె" అని.

మిర్యాలగూడలో నేను పనిచేసే మిల్లులో ఈ బాధ లేదు. సార్టెక్స్ మిషన్ ఉంది. బియ్యం జలజలా జారుతుంటే అందులో నల్లగింజ ఎక్కడుందో కనిపెట్టి, గాలితో ఒక్క ఊపు ఊది పక్కకి తోసేస్తుంది. అది వచ్చిన రోజు మా ఓనర్ సుధాకర్ సార్ కొబ్బరికాయ కొట్టి, హమాలీలందరికీ బిర్యానీ పెట్టించాడు. ఆఫీసు గదిలో ఇంకో మిషన్ ఉంది. దానికెవరూ కొబ్బరికాయ కొట్టలేదు. అది నేను.

పేరుకి కంప్యూటర్ ఆపరేటర్ని. కాంటా మీదికి లారీ ఎక్కితే బరువు చూసి బిల్లు తీయడం నా పని. ఇది పనిలో చేరేటప్పుడు చెప్పింది. చెప్పనిది ఇంకోటుంది. సార్ డ్రైవర్లతో తను మాట్లాడడు, నాతో మాట్లాడిస్తాడు. ముందుగా "ఏమనుకోకు యమునా" అంటాడు. ఆ మాట వినగానే నేను ఫోన్ చేతిలోకి తీసుకుంటాను. తర్వాత వచ్చేదేమిటో తెలుసు కదా. "ఏమనుకోకు యమునా, గా సూర్యాపేట లారీ లంజకొడుక్కి ఫోన్ కొట్టు. వాని యమ్మ, పొద్దుగాల ఎల్లినోడు ఏ దాబాల పండిండో అడుగు."

నేను ఫోన్ కలిపి, "సైదయ్యన్నా, సార్ జర జల్ది రమ్మంటున్నరు" అంటాను.

అటునుంచి సైదయ్య ఊరుకుంటాడా? "మీ సార్ అయ్య ఏసిండా మేడం రోడ్డు? టైరు పేలింది! గా దొంగనాకొడుకును వచ్చి లారీ దొబ్బుమను!"

నేను సార్ వైపు తిరిగి, "టైరు పోయిందట సార్, మార్చుకొని వస్తున్నడు" అంటాను.

ఇట్లా రోజంతా. అటు తిట్లు ఇటు రానీయను, ఇటువి అటు పోనీయను. ఒక్కోసారి సైదయ్యకి అనుమానం వస్తుంది. "నిజంగ గట్లనే అన్నడా మేడం?" అంటాడు. "గట్లనే అన్నరు" అంటాను, గొంతులో ఏ మార్పూ లేకుండా. ఆ గొంతు తెచ్చుకోవడానికి నాకు చాలా రోజులు పట్టింది. నేను లేని రోజున ఆ మిల్లు గేటు దగ్గర తలలు పగులుతాయి. అది సార్‌కి తెలియదు, తెలిసినా అదొక పనని ఒప్పుకోడు. తిట్టినవాళ్ళు తిట్టి తేలికైపోతారు. సాయంత్రం ఆటోలో కూర్చున్నాక, అందరి అమ్మలూ నా మీదే కూర్చున్నట్టుంటుంది నాకు. ఒక్క తిట్టయినా మగవాడికి తగలదు కదా! తిట్టేది సైదయ్యని, మధ్యలో తుంగతుర్తిలో ఎక్కడో కూరగాయలు అమ్ముకునే ఆయన తల్లి ఏం చేసింది?

ఇంటికొస్తే వీరేందర్ నోటా అదే. కరెంటు పోతే "దీని యవ్వ". కూరలో ఉప్పు తగ్గితే "దీని యవ్వ". చెప్పు దొరక్కపోతే నాకూ, మా యాడికీ, మా తండా మొత్తానికీ తిట్లు. పూజ చిన్నప్పుడు "అవ్వంటే ఎవరమ్మా?" అని అడిగింది. "అమ్మమ్మ. డాడీకి అమ్మమ్మ యాదికొచ్చింది" అన్నాను. కొంచెం పెద్దయ్యాక ఆ అబద్ధం చెల్లలేదు. "డాడీ తిడుతలేడు బిడ్డా, అలసిపోయిండు" అనడం మొదలుపెట్టాను.

ఇక ఆ శుక్రవారం సంగతి. ప్రతి శుక్రవారం సార్ భార్య కౌసల్య మేడం ఆఫీసుకొచ్చి లక్ష్మీదేవి పటానికి పూజ చేస్తుంది. ఆమె హారతి వెలిగించేసరికి కాంటా మీద ఒక లారీ, దాని వెనక రోడ్డుదాకా లారీలు, అందరూ హారన్లు. ప్రింటర్ కాగితాన్ని మింగేసింది. లాగితే సగం చిరిగి వచ్చింది. ఇంకోటి పెట్టాను, అదీ మింగింది. పొద్దున టిఫిన్ కూడా తినలేదు నేను. "నీ యవ్వ!" అన్నాను.

ప్రింటర్‌ని.

గదిలో అందరూ బిగుసుకుపోయారు. అకౌంటెంట్ సతీష్ పెన్ను పట్టుకుని అలాగే ఉండిపోయాడు. మాటకో తల్లిని తీసే డ్రైవర్లు కిటికీలోంచి తొంగిచూశారు, ఏదో ఘోరం జరిగినట్టు. మేడం చేతిలో హారతి పళ్ళెం ఆగింది. "శివశివా! ఆడపిల్ల నోట్ల గా మాటలేంది? అమ్మవారి ముందర!" అంది.

సార్ కుర్చీలోంచి లేచాడు. "ఇది ఆఫీసా, కల్లు దుకాణమా?"

సరిగ్గా ఆ ప్రశ్నే నేను ఇన్నేళ్ళుగా అడగాలనుకుంటున్నాను. ఆయనే అడిగేశాడు, నన్ను.

"నేను నిన్ను ఎన్నడన్న ఒక్క మాటన్ననా? పక్కోణ్ణి తిట్టాల్నన్న ఏమనుకోకు అని నీకు చెప్పే తిడుత. మొగోళ్ళం, బిజినెస్సు, నోట్లకెల్లి వస్తయ్. ఆడిదానివి, నీకేం రోగం?"

సతీష్ తల ఎత్తకుండా, నెమ్మదిగా, "ఎంత సదివినా తండా బుద్ధి ఏడికి పోతది సార్" అన్నాడు.

అది బూతు కాదు. అందుకని ఎవరూ ఉలిక్కిపడలేదు. మేడం చేతిలో హారతి మళ్ళీ తిరిగింది. గంట మోగింది. నేను ప్రింటర్‌లో ఇరుక్కున్న కాగితం ముక్కలు లాగాను.

వచ్చే శుక్రవారం పూజలో అందరి ముందూ మేడంకి, అమ్మవారికి తప్పైందని చెప్పాలి. చెప్పకపోతే శనివారం నుంచి రానక్కర్లేదు. అదీ తీర్పు. గోడకి నోటీసు కూడా అంటించాలన్నాడు సార్. టైపు చేయాల్సింది ఎవరు? నేనే. ఆయన చెబుతూ పోయాడు. "రాయి. ఇగ ఆఫీసుల బూతులు మాట్లాడితే ఏ నాకొడుకైనా సరే, వాని యమ్మ, మెడలువట్టి గెంటుత అని రాయి. మంచి భాషల రాయి."

'కార్యాలయంలో అసభ్య పదజాలం వాడరాదు. ఉల్లంఘించినవారిపై కఠిన చర్యలు తీసుకోబడును' అని టైపు చేశాను. సార్ చదివి, "శెభాష్, గదే నేనన్నది" అన్నాడు. ప్రింటర్ ఆ కాగితాన్ని మాత్రం మింగలేదు, ముదనష్టపుది.

ఇంట్లో చెప్పకుండా ఉండాల్సింది. చెప్పాను. వీరేందర్ కంచం ముందునుంచి లేచాడు. "దీని యమ్మ, పొయ్యేకాలమొచ్చిందే నీకు? ఆఫీసుల ఎవలన్న బూతులు మాట్లాడుతరా?" నాకు నవ్వొచ్చింది. ఆపుకోలేకపోయాను. నవ్వు చూసి ఆయనకి ఇంకా ఒళ్ళు మండింది. "నవ్వు, నవ్వు. పవర్ ప్లాంటుల నాకు సగం దినాలు పనే దొరుకుతలేదు. నీ నౌకరీ పోతే పిల్ల బడి బందువెట్టు, కిరాయిల్లు ఖాళీజెయ్యి, అందరం తండాకు పోయి పత్తేరుకుందాం. పూజనూ తోల్కపో, దానికి ఏరుడు మంచిగొస్తది."

అరుగు మీద హోంవర్కు రాసుకుంటున్న పూజ పెన్సిల్ ఆపి నా మొహం చూసింది. అది క్లాసులో అందరికంటే ముందు లెక్కలు చేస్తుందని వాళ్ళ టీచర్ చెబుతుంది. తలదించుకుని కంచం తీశాను.

వేరే దారి చూడలేదని కాదు. కోదాడలో ఒక మిల్లులో ఆపరేటర్ కావాలంటే ఫోన్ చేశాను. అక్కడి మేనేజర్ ఎంత మర్యాదగా మాట్లాడాడో! "మీ పని గురించి మంచిగానే చెప్పారమ్మా. నోరే కొంచెం… అని విన్నాం. మా దగ్గర ఫ్యామిలీ వాతావరణం కదండీ. ముందు మీ సార్‌తో ఒక మాట చెప్పించండి, తర్వాత చూద్దాం" అన్నాడు. నేను ప్రింటర్‌ని అన్న మాట నాకంటే ముందే కోదాడ చేరింది. సార్ రోజూ అనేవి మిల్లు గేటు కూడా దాటలేదు. దాటనివ్వంది నేనే కదా.

చివరికి యాడికి ఫోన్ చేశాను. విని పకపకా నవ్వింది. "ఒక్క తిట్టుకే గింత లొల్లా ఛోరీ? హోళీనాడు నేను మీ బాపును తిట్టలేదా? తండా నాయక్‌ను ఏడు తరాలు తిడుతూ పాటపాడి కర్రతోటి కొడితే, నవ్వుకుంట ఇనాం ఇచ్చిండు!"

నిజమే. హోళీనాడు మా తండాలో ఆడవాళ్ళ చేతికి కర్రలొస్తాయి. నోటికి అడ్డుండదు. మగవాళ్ళు దెబ్బలు తప్పించుకుంటూ పరిగెత్తుతారు. చిన్నప్పుడు ఆ రోజు యాడిని చూస్తే నాకు భయం, గర్వం రెండూ వేసేవి. మర్నాడు పొద్దున బాపు చేతి దెబ్బ తిని, అదే యాడి చడీచప్పుడు లేకుండా రొట్టెలు కాల్చేది. అదీ చూశాను.

"అది హోళీ యాడీ. ఇది ఆఫీసు" అన్నాను.

యాడి నవ్వు ఆపింది. "తప్పైందను బిడ్డా," అంది. "మనకు ఏడాదికి ఒక్క దినమే ఇచ్చిండ్రు. మిగిలినయన్నీ వాళ్ళయే."

శుక్రవారం ఉతికిన చీర కట్టుకుని వెళ్ళాను. సతీష్, హమాలీల మేస్త్రి మల్లన్న, ఇద్దరు డ్రైవర్లు నిలబడి ఉన్నారు. అందరి ముందూ చెప్పాలని హుకుం జారీచేసిన సార్ మాత్రం రాలేదు. నేను ముందురోజంతా తలుచుకున్న మాటలు వేరే ఉన్నాయి. 'ప్రింటర్‌కి తప్పైందని చెబుతాను, మరి సైదయ్య తల్లికి ఎవరు చెబుతారు?' అని అడగాలనుకున్నాను. ఎన్నిసార్లు అద్దంలో చెప్పుకున్నానో! చేతులు జోడించేసరికి నా కూతురు బడి బస్సు ఎక్కుతూ చెయ్యి ఊపడం కళ్ళ ముందు ఆడింది.

"తప్పైంది మేడం. ఇంకెప్పుడూ అనను" అన్నాను.

"మంచిది. ఇంటికి దీపం ఇల్లాలు అంటరు. మనం జర చూసుకోవాలె" అంది కౌసల్య మేడం, కొబ్బరికాయ అందుకుంటూ. అప్పుడే ఆమె ఫోన్ మోగింది. సార్ గొంతు ఫోన్లో పట్టదు. చెవికి ఎంత అదుముకున్నా మా అందరికీ వినపడింది. "నీ యమ్మ, ఎన్నిసార్లు కొట్టాలెనే ఫోను? గా గంటలు ఊపుడు ఆపి ఇంటికి సావు, సుట్టాలొచ్చిండ్రు!" మల్లన్న నేలచూపులు చూశాడు. డ్రైవర్లు కిటికీ వైపు తిరిగారు.

"సరేనండి" అని ఆమె ఫోన్ పెట్టేసింది. మా వైపు తిరిగి, మొహంలో ఏమీ లేకుండా, "సార్‌కు పనుందట. పూజ కానియ్యమన్నరు" అంది.

ఆ గొంతు నాకు బాగా తెలుసు. ఆమె నాకంటే ఎన్నేళ్ళ ముందునుంచి ఈ పనిలో ఉందో! కొబ్బరికాయ కొట్టి ఒక ముక్క నా అరచేతిలో పెట్టింది. ఒక్కసారి నా మొహం చూస్తుందేమోనని చూశాను. చూడలేదు. నేను ఆ ముక్క నోట్లో వేసుకుని కంప్యూటర్ ముందు కూర్చున్నాను. కాంటా మీదికి లారీ ఎక్కింది.

ఆ సాయంత్రం ఇంటికొచ్చి చాట ముందేసుకున్నాం, నేనూ పూజా. చెయ్యి కడుక్కుందామని వెనక నల్లా దగ్గరికి వెళ్ళాను. వాకిట్లో బండి ఆగింది. వీరేందర్ గొంతు. ఆ గొంతు వీధి చివరిదాకా వినపడుతుంది, మధ్యలో ఒక్క గోడ అడ్డమా? "ఏడ సచ్చిందే మీ అమ్మ? తప్పైందన్నదా లేదా గా లంజ? చాయ్ పొయ్యిమను, దీని యవ్వ!"

నల్లా కట్టేశాను. పూజ వెనక్కి వచ్చింది. చేతిలో ఇంకా రెండు బియ్యపు గింజలు అంటుకుని ఉన్నాయి.

"అమ్మా, డాడీ అలసిపోయిండు. జర చాయ్ పెడుతవా అని అడుగుతున్నడు" అంది.

పొద్దున తప్పైందని చెప్పినప్పుడు రాని ఏడుపు ఒక్కసారిగా తన్నుకొచ్చింది. దాని ముందు గొంతుక్కూర్చున్నాను. రెండు భుజాలూ పట్టుకున్నాను. "కాదు బిడ్డా. నాకు ఇనపడ్డది. డాడీ ఏమన్నడో అట్లనే చెప్పు. ఒక్క మాట ఇడిచిపెట్టకుండ చెప్పు. నేనేమననమ్మా, చెప్పు."

పూజ నా కళ్ళలోకి సూటిగా చూసింది. దాని గొంతులో ఏ మార్పూ లేదు.

"గట్లనే అన్నడమ్మా" అంది.