మర్యాదకి రాసిన ఉత్తరం

ఒహాయోలో ఓ లాండ్రీలో ఆవిరికి రెండుసార్లు కళ్ళు తిరిగి పడ్డాక డార్లీన్ ఉద్యోగం మానేసింది. సరైన కారణం లేకుండా తనంతట తానే మానేసింది కాబట్టి నిరుద్యోగ భృతి రాదన్నారు ప్రభుత్వ ఆఫీసువాళ్ళు. ఆమె అప్పీలు చేసింది. విచారణ ఫోన్లోనే జరిగింది.

లాండ్రీ మేనేజరు ఆమె రాజీనామా ఉత్తరం చదివాడు. "సొంత కారణాల వల్ల మానేస్తున్నాను. ఇక్కడ పనిచేయడం నా అదృష్టం."

డార్లీన్‌కి తల కొట్టేసినట్టయింది. వెళ్ళేవాళ్ళంతా రాసే మాటలే అవి.

"ఆవిరి ఊసే లేదేంటమ్మా? అబద్ధం చెప్పింది అప్పుడా, ఇప్పుడా?" అన్నాడు జడ్జి.

"అప్పుడేనండీ! నిజం రాసిపోతే రేపు ఇంకోచోట నా గురించి మంచిమాట ఎవరు చెప్తారు? ఆ మేనేజరునే అడగండి. రెండుసార్లూ మొహాన నీళ్ళు చల్లి లేపింది ఆయనే."

మేనేజరు దగ్గాడు గానీ, కాదనలేదు.