మూడు చక్రాల గిత్త

నేను ఒక మూడు చక్రాల బండిని. ముందొకటి, వెనక రెండు. ఆటో అనుకునేరు, కాదు. నాకు ఇంజను లేదు, హారను లేదు, డ్రైవరు పక్కన ఇద్దర్ని ఇరికించుకునే అలవాటు అసలే లేదు. పసిపిల్లల్ని కూర్చోబెట్టి తోసుకుంటూ తిప్పే బండిని. షాపుల వాళ్ళు స్ట్రోలర్ అంటారు. నన్ను కొన్నాయన మాత్రం ఏనాడూ ఆ మాట అనలేదు. ఆయన దృష్టిలో నేను గిత్తని.

నా పుట్టుకలో గొప్పేమీ లేదు. ఏదో ఫ్యాక్టరీలో అల్యూమినియం గొట్టాలు వంచారు, మందపాటి గుడ్డ బిగించారు, సైకిలుకి ఉన్నట్టు గాలి కొట్టే రబ్బరు టైర్లు తొడిగారు. నాతోపాటే పుట్టిన నాలుగు చక్రాల వాళ్ళు నాజూకు మనుషులు. చిన్న చిన్న ప్లాస్టిక్ చక్రాలు, మడిస్తే గొడుగంత అవుతారు. నేను మడిచినా మంచమంత ఉంటాను. అందుకే ఒంగోలులో సుభాని గారి కొట్లో నన్ను వెనక మూలకి నెట్టేశారు. వచ్చినవాళ్ళు నన్ను చూసి, "ఇదేందండీ, దీనికి ఒక చక్రం తక్కువొచ్చిందే" అని నవ్వి, నాలుగు చక్రాల వాళ్ళని ఇంటికి తీసుకుపోయేవాళ్ళు. నేను దుమ్ము తాగుతూ కూర్చునేదాన్ని.

అట్లాంటి రోజుల్లో వచ్చాడు మాలకొండయ్య. తలపాగా, చంకలో తువ్వాలు, వెనక కోడలు ప్రసూన, ఆమె చంకలో ఏడాది దాటిన బుజ్జమ్మ.

మాలకొండయ్య ఒకప్పుడు ఒంగోలు గిత్తల్ని మేపినవాడు. ఆయన చెప్పేదాన్నిబట్టి, ఆయన గిత్త ఒకటి రంకె వేస్తే చీరాల స్టేషన్లో రైలు ఆగి, సిగ్నల్ ఇచ్చిందెవరా అని గార్డు దిగి చూసేవాడట. ఇంకోటి కాడి మోసిన రోజున నాగలి భూమిలో ఎంత లోతు దిగిందంటే, దాన్ని పైకి తీసేటప్పటికి కర్రుకి బొగ్గు అంటుకొచ్చిందట. ఆ గిత్తలన్నీ ఇప్పుడు లేవు. ఆఖరి జత అమ్మేసి చాలాకాలమైంది. వాటిలో ఒకటి విసిరిన కొమ్ము పోటు మాత్రం ఆయన ఎడమ భుజంలో గుర్తుగా ఉండిపోయింది. ఆ చెయ్యి ఛాతీ దాటి పైకి లేవదు.

చిక్కంతా ఆ చేతితోనే. ప్రసూన బళ్ళో టీచరు. జూన్‌లో మళ్ళీ ఉద్యోగంలో చేరాలి. భర్త రంగారావు గ్రానైటు క్వారీలో పని, పగలంతా ఇంట్లో ఉండడు. బుజ్జమ్మేమో ఇంట్లో కుదురుగా ఉండే రకం కాదు. ఆకాశం కనపడకపోతే ఊరు దద్దరిల్లేట్టు ఏడుస్తుంది.

"మీరు ఎత్తుకోలేరు మావయ్యా" అంది ప్రసూన అంతకుముందే ఇంట్లో. "ఎత్తుకోకుండా దాన్ని ఊరంతా తిప్పగలిగితే మీ దగ్గరే ఉంటుంది. లేదంటే జూన్ నుంచి ఒంగోలులో పిల్లల్ని చూసుకునే చోట వదిలేస్తా. పొద్దున దింపితే మళ్ళీ సాయంత్రమే."

పొద్దున్నుంచి సాయంత్రం దాకా మనవరాలు లేని ఇల్లు. మాలకొండయ్యకి అది మింగుడుపడలేదు. అందుకే బండి కొనడానికి బయల్దేరాడు.

సుభాని నాలుగు చక్రాల బండిని నున్నటి గచ్చు మీద అటూ ఇటూ తిప్పి చూపించాడు. "వెన్న మీద నడిచినట్టుంటది పెద్దాయనా."

"మా ఊళ్ళో వెన్న పరిచిన దారి లేదులే అబ్బయా. సిమెంటు వీధి దాటితే రేగడి డొంక, డొంక దాటితే కంకర, దాని కింద వాగు ఇసక. నీ గచ్చు మీద కుంటి గొడ్డు కూడా వయ్యారంగా నడుస్తది. బయటికి తోలు."

పక్కనే ఎవరో ఇల్లు కడుతున్నారు. రోడ్డు వారన ఇసక కుప్ప, కంకర కుప్ప. మాలకొండయ్య కళ్ళు మెరిశాయి. ఎదురు కిరాణా కొట్టు నుంచి బియ్యం మూట అడిగి తెచ్చి నాలుగు చక్రాల బండిలో కూర్చోబెట్టాడు. సుభాని మర్యాదకి ఇచ్చిన మజ్జిగ గ్లాసుని తాగకుండా ఆ మూట పక్కన ఇరికించాడు. బండిని కంకర మీదికి తోశాడు. దాని బుల్లి చక్రాలు నాలుగూ నాలుగు దిక్కులకి తిరిగాయి. ఇసకలోకి దిగేసరికి మోకాళ్ళ మీద కూలబడింది. మజ్జిగంతా బియ్యం మూటే తాగింది.

"ఆ మూలనున్న మూడుకాళ్ళదాన్ని తోలుకురా" అన్నాడు.

అది నా గురించే అని తెలిసేసరికి నా చువ్వలు జలదరించాయి. ఆయన నా చుట్టూ తిరిగాడు. టైరుని బొటనవేలితో నొక్కాడు, గిట్ట చూసినట్టు. ముందు చక్రాన్ని ఎత్తి కింద చూశాడు, పళ్ళు పట్టి చూసినట్టు. పక్కకి పట్టి లాగాడు, ఒరుగుతానేమోనని.

"మలుపుల్లో నిదానంగా పోవాల పెద్దాయనా" అన్నాడు సుభాని నిజాయితీగా. "మూడు చక్రాలది గదా, విసురుగా తిప్పితే ఒరిగిద్ది. ఆటోలో కూడా పట్టదు, చెప్తన్నా."

"కుర్రగిత్త అంతే. మలుపు దగ్గర మనం ఒద్దికగా ఉండాల."

కొత్త మజ్జిగ గ్లాసు వచ్చింది. ఇసకలో నా పెద్ద చక్రాలు దిగబడలేదు. కానీ కంకర మీద మాత్రం నా పరువు పోయేది. ముందు చక్రం గిలగిల కొట్టుకుంటూ తల అడ్డంగా ఊపడం మొదలెట్టింది. మాలకొండయ్య మొహం చిన్నబోయింది. అప్పుడు ప్రసూన వంగి, చక్రం పక్కనున్న చిన్న మీటని చూసి, చెప్పు కొనతో నొక్కింది. టక్కుమంది. చక్రం నిటారుగా నిలబడిపోయింది.

"గచ్చు మీద వదిలెయ్యాలి మావయ్యా, ఎటంటే అటు తిరుగుతుంది. గతుకుల్లో బిగించాలి."

మళ్ళీ తోశాడు. గ్లాసులో మజ్జిగ తొణికింది గాని ఒలకలేదు. మామా కోడలూ ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు. ఇద్దరి తెలివీ కలిస్తేగాని నేను అమ్ముడుపోలేదన్నమాట.

బేరానికి మాలకొండయ్య తన చేతి మీద తువ్వాలు కప్పి, సుభాని వైపు చాచాడు. సంతలో పశువుల బేరం అట్లా గుడ్డ కింద వేళ్ళతోనే జరుగుతుంది. పాపం సుభాని తువ్వాలు కింద చెయ్యి పెట్టి ఆప్యాయంగా షేక్‌హ్యాండ్ ఇచ్చాడు. దాంతో మాలకొండయ్య అనుకున్న ధరే ఖాయమైపోయింది.

అంతవరకూ బాగానే ఉంది. నా పిడికి ఒక నల్లటి పట్టీ ఉండేది. తోసేవాళ్ళు దాన్ని చేతికి తగిలించుకుంటే, పొరపాటున చెయ్యి జారినా బండి పోదు. ప్రసూన ఆటో మాట్లాడటానికి వెళ్ళినప్పుడు మాలకొండయ్య ఆ పట్టీని విప్పి గల్లాపెట్టె మీద పెట్టాడు.

సుభాని వెంటపడ్డాడు. "పెద్దాయనా, ఇది మర్చిపోయారు!"

"మర్చిపోలా. గొడ్డుని అమ్మినోడు పలుపు ఇవ్వకూడదు, కొన్నోడు తీసుకోకూడదు. నీ తాడు నీ దగ్గరే ఉండాల. అప్పుడే నీ కొట్టం నిండుగా ఉంటది."

సుభాని తన కొట్టుని ఒకసారి, పట్టీని ఒకసారి చూసుకున్నాడు. అంతలో ఆటో కదిలింది. నేను సగం బయట వేలాడుతున్నాను.

ఇంటికి చేరాక ప్రసూన నన్ను ఆ కొస నుంచి ఈ కొస దాకా చూసి, "చేతికేసుకునే పట్టీ ఏది?" అంది. జరిగింది చెప్పాడు. ఆమె నెత్తిన చెయ్యి పెట్టుకుంది. "అది పలుపు కాదు మావయ్యా, నా బిడ్డ ప్రాణం! అది లేకుండా ఈ బండి గడప దాటదు."

మాలకొండయ్య కొట్టంలోకి వెళ్ళి గోగునార దించి, అరుగు మీద కూర్చుని పురి పెట్టడం మొదలెట్టాడు. పైకి లేవని ఆ చెయ్యి కూడా నార దగ్గర మాత్రం చకచకా ఆడింది. మూడు పేటల తాడు, నున్నగా, పాములాగా మెరుస్తూ తయారైంది. దాన్ని నా నడుముకి కట్టాడు. ప్రసూన రెండో కొస స్తంభానికి చుట్టి, నా పిడి పట్టుకుని తన బరువంతా వేసి వెనక్కి వాలింది. నేను కిర్రుమన్నాను. తాడు ఊఁ అనలేదు.

"రేపు నేనే తోసి చూస్తా. మీరు వెనక తాడు పట్టుకోండి" అంది.

మర్నాడు బయల్దేరాం. సిమెంటు వీధిలో రాణిలా నడిచాను. రేగడి డొంకలో ఎండిన గొడ్ల అడుగుల మీద ఊయలలా ఊగాను. బుజ్జమ్మ ఆకాశం చూస్తూ కేరింతలు. వాగులోకి దిగే కంకర వాలు దగ్గరికొచ్చేసరికి ప్రసూన ఫోను మోగింది. హెడ్‌మిస్ట్రెస్. ప్రసూన నా బ్రేకు మీద కాలు పెట్టింది. పడిందనుకుంది. సగమే పడింది. రెండు చేతులూ వదిలి, ఫోను ఎత్తి, ఎండకి మొహం తిప్పుకుంది.

నేను కదిలాను. నా అంతట నేను ఆగే శక్తి నాకు లేదు. ముందున్న చక్రం వాగులోని బండరాళ్ళనే చూస్తోంది. ప్రసూన కేక విన్నాను. ఆ వెంటనే నా నడుము పట్టుకుని ఎవరో వెనక్కి గుంజినట్టయింది.

మాలకొండయ్య తాడుని మణికట్టుకి చుట్టుకుని, కంకర మీద చతికిలబడి, రెండు మడమలూ నేలలో దిగ్గొట్టాడు. నేను ఆయన్ని ఈడ్చాను. పంచె చిరిగింది, మోచెయ్యి దోక్కుపోయింది, కొమ్ము తగిలిన భుజమే మళ్ళీ మెలిపడింది. అయినా వదల్లేదు. నీళ్ళకి ఇంకా ఇవతల ఉండగానే ఆగాను. బుజ్జమ్మ వెనక్కి తిరిగి, తాత కూర్చున్న తీరు చూసి పగలబడి నవ్వింది.

ప్రసూన పరుగెత్తుకొచ్చి బిడ్డని గుండెకి అదుముకుంది. కంకరలో పడిన ఫోను "హలో, హలో, జూన్‌కి వస్తున్నారా లేదా?" అంటూనే ఉంది.

మాలకొండయ్య కూర్చున్నచోటనే, తాడు వదలకుండా, "ఆమెగారు అడగతా ఉంది గదమ్మాయ్, చెప్పు" అన్నాడు.

ప్రసూన ఆయన మోచేతి నెత్తురు చూసింది. ఫోను తీసుకుంది. "వస్తానండీ. పాపని మా మావయ్యగారు చూసుకుంటారు."

సాయంత్రం రంగారావు వచ్చి, తండ్రి మోచేతి కట్టు చూసి, "ఏంది నాన్నా ఇది?" అన్నాడు. ప్రసూన తల దించుకుని, "నేనే..." అని మొదలెట్టింది.

"నువ్వుండమ్మాయ్! నీకు పశువుల సంగతి తెలవదు" అని గదమాయించాడు మాలకొండయ్య. "కొత్త గిత్త గదరా, నీళ్ళు చూసి బెదిరింది. నన్ను ఈడ్చుకుంటా కొత్తపట్నం సముద్రం దాకా పోయింది. అలల్లో ముందు చక్రం తడిసినాక గాని నేను పగ్గం బిగించలా. దారిలో ఒక బస్సుని దాటేశాం తెలుసా!"

రంగారావు పడీపడీ నవ్వాడు. తర్వాత టీ కొట్టులో, సంతలో, పెళ్ళి బంతుల్లో ఆ కథ పెరుగుతూ పోయింది. బస్సు రైలైంది. ఎంత పెరిగినా అందులో ఫోను మోగలేదు, ఎవరి చెయ్యీ జారలేదు. తప్పంతా నాదే. వినేవాళ్ళు నన్ను భయంగా, గౌరవంగా చూసేవాళ్ళు. మనుషుల మీద నాకు గొప్ప అభిప్రాయం ఏర్పడింది అక్కడే. అంత బరువైన నిజాన్ని అంత తేలికైన అబద్ధంలో చుట్టి మోసేవాళ్ళు ఇంకెవరుంటారు?

బుజ్జమ్మ సొంత కాళ్ళ మీద పరుగులు తీసే రోజొచ్చింది. నన్ను కొత్తపట్నంలో చేపలమ్మే ఆదెమ్మ కూతురి బిడ్డకి ఇచ్చారు. నిజంగానే సముద్రం ఒడ్డుకి. నన్ను అప్పగించే ముందు మాలకొండయ్య తాడు ముడి విప్పాడు.

"ఆ తాడు కూడా ఉంచు పెద్దయ్యా, బాగుంది" అంది ఆదెమ్మ.

"పలుపు ఇయ్యకూడదమ్మా."

అప్పుడు ప్రసూన బీరువా తెరిచి, ఒక నల్లటి పట్టీ తెచ్చి నా పిడికి తగిలించింది. నన్ను కొన్న వారంలోనే సుభాని దగ్గర నుంచి తెచ్చుకుందట. గోగునార తాడు ఉండగా దాని అవసరం రాలేదట. మాలకొండయ్య ఆ పట్టీని చూశాడు, కోడల్ని చూశాడు, మీసం సవరించుకున్నాడు. నా తాడుని తీసుకెళ్ళి కొట్టంలో, రైళ్ళు ఆపిన గిత్తల పలుపుల పక్కన, ఒక మేకు చూసి తగిలించాడు.

బుజ్జమ్మ ఆటో దాకా వచ్చి, ఆదెమ్మ చెవిలో చెప్పింది: "గట్టిగా పట్టుకో అవ్వా. ఇది బెదురుద్ది."

ఇప్పుడు సముద్రపు ఇసకలో తిరుగుతున్నాను. అల లేచినప్పుడల్లా ఆదెమ్మ పట్టీ బిగించి, "హో, హో, నిదానం" అని నా వెన్ను నిమురుతుంది. నా అంతట నేను ఎప్పుడూ ఒక్క అడుగు వేసి ఎరగను. ఆ సంగతి తెలిసినవాళ్ళు ఇద్దరే. ఆయన చెప్పడు, ఆమెని చెప్పనివ్వడు. మీకేదో మనవాళ్ళని చెప్పాను. ఆ ఊరెళ్ళినప్పుడు మాత్రం, బండి బెదిరిందనే అనండి.