అనుమతుల పేజీ

ఆరిన బట్టలు డైనింగ్ టేబుల్ మీద కుప్పపోసి మడతపెడుతున్నాను. పక్కనే నా ల్యాప్‌టాప్. తెర మీద మా కంపెనీ ఆర్కైవ్ ఒకటి విప్పుకుంటోంది. ఆర్కైవ్ అంటే మూట. సాఫ్ట్‌వేర్‌కి కావలసిన ఫైళ్లన్నీ ఒక్కటిగా కట్టి కొనుక్కున్నవాళ్లకి పంపిస్తాం. వాళ్లు మూట విప్పగానే ఏ ఫైలు ఎవరు చదవచ్చో, ఎవరు మార్చవచ్చో, ఎవరు నడపవచ్చో వాళ్లని అడక్కుండానే ఖాయమైపోతుంది. అలా ముందే ఖాయమైపోయిన అనుమతుల్ని డిఫాల్ట్ అంటారు. వాటిని మామూలు మనుషులకి అర్థమయ్యేలా రాయడం నా ఉద్యోగం. మా ఆయన మాటల్లో అయితే, "మా ఆవిడ ఎవరూ చదవని పుస్తకాలు రాస్తుంది."

ఈ మాట ఆయన చుట్టాల ముందు నవ్వుతూ అంటారు. నేనూ నవ్వుతాను. ఇంట్లో ఒక గది ఆయన ఆఫీసు పనికి, ఒకటి అత్తయ్యకి, ఒకటి పడుకోవడానికి. నా ఆఫీసు ఈ టేబుల్ చివర. భోజనాల వేళకి సర్దేస్తాను, కంచాలు తీశాక మళ్లీ పరుచుకుంటాను. "నీదేముందమ్మా, ఎక్కడ కూర్చున్నా టైపు కొట్టుకోవచ్చు" అంటారు అత్తయ్య. ఎక్కడైనా అంటే ఎక్కడా కాదని అర్థమవడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది.

మూట విప్పుకోవడం అయింది. చూస్తే, ప్రతి ఫైలునీ ఎవరు పడితే వాళ్లు మార్చేలా ఉంది. నాకేదో తప్పనిపించి దాన్ని తయారుచేసే ఇంజనీరుకి ఫోన్ చేశాను.

"ఇలా కావాలనే పెట్టారా?"

"అది మొదట్నించీ అంతే అక్కా. అప్పట్లో మనవాళ్లు గుప్పెడు మంది, అందరూ ఒకే గదిలో కూర్చునేవాళ్లు. ఎవరి ఫైలు ఎవరు ముట్టుకున్నా గొడవుండేది కాదు. తర్వాత ఇంకెవరూ పట్టించుకోలేదు."

"ఇప్పుడు మార్చొచ్చుగా?"

"మారిస్తే ఎవరి పనో ఆగుతుంది. అది నా నెత్తికి చుట్టుకుంటుంది. ఉన్నది ఉన్నట్టు రాసెయ్యక్కా."

ఉన్నది ఉన్నట్టే రాశాను. దాని కింద ఒక హెచ్చరిక పెట్టాను: ఈ అమరికలో మీకు తెలియకుండా ఇతరులు మీ ఫైళ్లలో రాయగలరు. మార్చుకోవాలంటే ఎలా మార్చుకోవాలో కూడా రాశాను. ఈలోగా అత్తయ్య మందులడిగారు, ఆయన ఇస్త్రీ చొక్కా అడిగారు. లేచాను.

మర్నాడు ఆఫీసులో మా పెద్ద మేడమ్ ఆ పేజీ చదివారు. మా రాతలన్నీ ఆవిడ చేతి మీదుగానే బయటికి వెళ్తాయి. హెచ్చరిక దగ్గర ఆగి, తలూపి, కళ్లజోడు తీశారు.

"ఇంత బాగా రాస్తావు. మరి ఆ పని ఎందుకు వద్దన్నావు?"

"ఏ పని మేడమ్?"

అవతలి ఊళ్లో కొత్త ఆఫీసు తెరుస్తున్నారని, అక్కడ రాసేవాళ్ల జట్టునొకదాన్ని నిలబెట్టడానికి నా పేరు చెప్పానని ఆవిడ ఒకసారి అన్నారు. మెయిల్ వస్తుందని చూశాను. రాకపోయేసరికి మర్చిపోయారనుకున్నాను. అడగడానికి మొహమాటం. ఆవిడ తెర నావైపు తిప్పారు. నా పేరుతో వెళ్లిన జవాబు: "కుటుంబ బాధ్యతల దృష్ట్యా ఈ అవకాశాన్ని స్వీకరించలేకపోతున్నాను. మన్నించగలరు."

"నాకప్పుడే అనుమానమొచ్చింది. 'మన్నించగలరు' అని నువ్వు చచ్చినా రాయవు. కానీ నీ పేరే ఉంది కదా అని ఊరుకున్నాను. ఒక్కమాట నిన్ను అడగాల్సింది." ఆవిడ గొంతు తగ్గింది. "వేరే ఆవిడ చేరిపోయింది."

అప్పటికీ నా నోటి చివర ఉన్నది "అవును మేడమ్, ఇంట్లో కుదర్లేదు" అన్న మాటే. మొగుడి పరువు కాపాడటం చేతులకి ఎంత అలవాటో నాలుకకీ అంతే. ఆ మాట బయటికి రాకముందే లేచి వాష్‌రూమ్‌కి వెళ్లి కుళాయి తిప్పి నిలబడ్డాను. పెళ్లయిన కొత్తలో ఆయన నా పాస్‌వర్డ్ అడిగారు. "మొగుడూ పెళ్లాల మధ్య తాళాలేంటి?" అన్నారు. అప్పుడా మాట ఎంత ముద్దొచ్చిందో. ఆయనది నేను అడగలేదు. ఆయన చెప్పనూ లేదు.

సాయంత్రం కాఫీ ఇచ్చి, ఎదురుగా నిలబడి అడిగాను. "ఆ మెయిల్‌కి జవాబు మీరు పంపారా?"

"ఏ మెయిల్?" టీవీ మీంచి చూపు తిప్పలేదు. "ఓ, అదా. నువ్వెలాగూ కాదనేదానివేగా. నీకేమో కాదనడం చేతకాదు, ఊరికే నలిగిపోతావు. అందుకే నేనే చెప్పేసి, ఆ మెయిల్ తీసేశా."

"కాదంటానని మీకెవరు చెప్పారు?"

"ఒకరు చెప్పాలా? వారంలో సగం రోజులు నువ్వక్కడుంటే అమ్మనెవరు చూస్తారు? ఇల్లెవరు చూస్తారు?"

"వాడు నీ మంచికే చేశాడమ్మా," అన్నారు అత్తయ్య. "పరాయివాడేం కాదుగా."

నిజం చెప్పాలంటే నేను కాదనేదాన్నేమో. రెండు రాత్రులు నిద్ర మానుకుని, అత్తయ్య మోకాళ్లూ, ఆయన కోపతాపాలూ, రైలు వేళలూ అన్నీ బేరీజు వేసుకుని, చివరికి కాదనే చెప్పేదాన్నేమో. కానీ ఆ కాదు నాదయ్యేది. ఆ అవకాశం పోయినందుకు కాదు, దాన్ని నా చేత్తో వదులుకునే వీలు కూడా నాకు మిగల్చనందుకే నా కోపం.

టేబుల్ దగ్గర కూర్చుని ల్యాప్‌టాప్ తెరిచాను.

"ఏం చేస్తున్నావ్?"

"పాస్‌వర్డ్ మారుస్తున్నాను."

"కొత్తదేంటో చెప్పు, ఫోన్‌లో పెట్టుకుంటా."

"చెప్పను."

నవ్వారు. తనతోపాటు నవ్వమన్నట్టు వాళ్లమ్మ వైపు చూశారు. ఆవిడ నవ్వలేదు. "రేపు నాకేదైనా అవసరమొస్తే?"

"అడగండి. చూసి చెప్తాను."

కాఫీ సగంలో వదిలేసి ఆయన గదిలోకి వెళ్లి తలుపేసుకున్నారు. కాసేపటికి అత్తయ్య కూడా లేచి వెళ్లారు. నేను మేడమ్‌కి రాశాను: "ఆ జవాబు నేను రాసింది కాదు. అయిపోయినదాన్ని అడగడం లేదు. మళ్లీ అలాంటిదేదైనా వస్తే నన్ను పిలిచి అడగండి. అవునో కాదో నేనే చెప్తాను." పంపేముందు రెండుసార్లు చదువుకున్నాను. ప్రతి మాటా నాదే.

ఆ వారమంతా ఇంట్లో నాతో మాటలు లేవు. ఆయనకి ఏం కావాలన్నా అత్తయ్య నోటి మీదుగా వచ్చేది. నేను వడ్డించేదాన్ని, వాళ్లు తినేవాళ్లు, ఎవరి గదికి వాళ్లు వెళ్లేవాళ్లు. ఖాళీ టేబుల్ చివర ఒక్కదాన్నే కూర్చుని అన్నం తింటుంటే నా నమిలే చప్పుడు నాకే వినిపించేది. ఏడుపొచ్చేది, దిగమింగేదాన్ని. ఆ ఇంట్లో నాతో మాట్లాడేవాళ్లు ఎవరూ లేరు. నా బదులు మాట్లాడేవాళ్లు కూడా లేరు.