ఒక ఫోను, ఒక చెయ్యి

షెడ్డు వాకిట్లో లారీ ఆగింది. గుడ్డ తాన్లు వచ్చాయనుకుని కాజాలక్క మెషిను ఆపి బయటికొచ్చింది. దించుతున్నవి తాన్లు కావు, బెంచీలు. పొట్టి బెంచీలు. బడి బెంచీలు!

చొక్కాలకు కాజాలు కుట్టీ కుట్టీ ఆమెకు ఆ పేరే ఖాయమైపోయింది. ఒక బెంచీ దించేసరికి ఆమె దగ్గరికెళ్ళి వంగి చూసింది. దాని మూలన కాంపాసు ముల్లుతో చెక్కిన పువ్వుంది. అది చెక్కినందుకే పోయినేడు కూతురి వీపు విమానం మోత మోగించింది తను.

"ఇవి ఇక్కడికెందుకు?" అని సూపర్‌వైజర్ని అడిగింది.

"మీ పిల్లల కోసమే! బడి ఎలాగూ ఆన్‌లైనేగా. కాస్త పెద్ద పిల్లల్ని రేపట్నించి తీసుకురండి. ఫోన్లో పాఠం వింటూ దారాలు కత్తిరిస్తారు. అయ్యగారు మీ మేలు ఎంత ఆలోచించారో చూడు."

అయ్యగారంటే షెడ్డు యజమాని. బడి కమిటీకి అధ్యక్షుడూ ఆయనే. ఊరంతా జబ్బుతో వణుకుతుంటే షెడ్డు మాత్రం ఎప్పుడో తెరిపించాడు. కిటికీల్లేని రేకుల కింద, భుజం భుజం రాసుకుంటూ కుడుతున్నారు ఆడవాళ్ళు. కాలర్లు కుట్టే మనిషి ఇక్కడే జబ్బు తగిలించుకుని పోయింది. మర్నాడే ఆమె మెషిను ముందు ఇంకో మనిషిని కూచోబెట్టారు. అలాంటాయనకు బడి అనేసరికి ఎక్కడలేని జాగ్రత్తా పుట్టుకొచ్చింది.

బడి తెరవాలా, ఫోన్లోనే నడపాలా అని తేల్చడానికి నిన్ననే తల్లిదండ్రుల మీటింగు పెట్టారు. అదీ ఫోన్లోనే. నడిపింది బడిలో సారుగా ఉన్న కాజాలక్క సొంత తమ్ముడు.

"అందరికీ ఫోన్లెక్కడివి అక్కా? నీ ఫోను చుట్టూ చేరండి, చాలు. మిగతాది నేను చూసుకుంటాగా," అన్నాడు ముందే.

వాడు చూసుకుంటాడనే నమ్మారు. అమ్మ పోయాక వాణ్ణి చంకనేసుకు పెంచింది అక్కే. వాడు టీచరు ట్రైనింగు చదివేటప్పుడు షెడ్డు ఆడవాళ్ళంతా తలా కాసేపు ఎక్కువ కుట్టి చదివించారు. అందుకే వాడు అందరికీ తమ్ముడే. టీ వేళ ఆడవాళ్ళందరూ ఆ పగిలిన ఫోను ముందు గుమిగూడి, బడి తెరవాలని ఒక్కసారిగా చేతులెత్తారు. ఆవరణలో ఆరుబయట, దూరం దూరంగా, పూటకి కొందర్ని కూచోబెట్టి చెప్పమని అడుగుదామనుకున్నారు. ఎంత అరిచినా వాళ్ళ గొంతు అవతలికి పోలేదు. సాయంత్రానికి, ఎక్కువమంది ఆన్‌లైనే కావాలన్నారని కబురొచ్చింది.

భోజనాల వేళ కాజాలక్క తిండి మానేసి బడికి పోయింది. బెంచీలు పోయిన గదిలో తమ్ముడు ఒక్కడే కుర్చీలో ఉన్నాడు.

"నిన్న మమ్మల్ని ఎంతమందిగా లెక్కేశావురా?"

వాడు తల వంచుకున్నాడు. "ఒక ఫోనుకి ఒక చెయ్యి అక్కా. కమిటీ రూలు."

"అంటే ఇంతమందిమీ ఒక్కళ్ళం! ఆ రూలు నీకు ముందే తెలుసా?"

వాడు కుర్చీలోంచి లేచి కిటికీ వైపు తిరిగాడు.

"మా గొంతు నొక్కింది కూడా నువ్వేనా?"

"నా ఉద్యోగం పర్మనెంటు చేస్తామన్నారక్కా. నాకు మాత్రం పెళ్ళాం పిల్లలు లేరా? నీ కూతురికేం భయం లేదు. రోజూ ఇంటికొచ్చి నేనే చెప్తా. దానికే లోటూ రానివ్వను."

"మిగతా పిల్లలకి?"

వాడు ఫోను తీసి చూసుకోసాగాడు. తడిగుడ్డతో గొంతు కోసేవాళ్ళ గురించి వినడమే కానీ, ఆ గుడ్డ తన చేత్తోనే ఉతికి ఆరేశానని ఆమెకు ఇప్పుడే తెలిసింది. ఏడుపొచ్చింది. వాడి ఎదుట ఏడవడం ఇష్టంలేక గబగబా వచ్చేసింది.

పని దిగాక వీధి కుళాయి దగ్గర విన్నదంతా చెప్పేసరికి ఆడవాళ్ళు ఆమెను కడిగేశారు.

"అంతా నీకు తెలీకుండానే జరిగిందా?" అంది బొత్తాలు కుట్టే వదిన. "నీ పిల్లకి ఇంట్లో చదువు, మా పిల్లలకి కత్తెరా?"

"ఇంటికొచ్చి చెప్తానన్నాడు. అందరికీ లేనిది నా పిల్లకి వద్దు," అంది కాజాలక్క. "వాణ్ణి నమ్మమని మీకు చెప్పింది నేనే వదినా. తిట్టండి, పడతాను. కానీ రేపు పిల్లల్ని మాత్రం షెడ్డుకి పంపొద్దు."

"పంపకపోతే మన పని పీకేస్తారు!"

షెడ్డులో ఇస్త్రీ చేసే పెద్దమ్మ బిందె కింద పెట్టింది. "పంపితే ఉంచుతారటే పిచ్చిదానా? చిన్న చేతులు చవగ్గా దొరికితే మన ముసలి చేతులు ఎవడిక్కావాలి? ఇవాళ దారాలు కత్తిరిస్తారు, రేపు మన మెషిన్ల మీదే కూచుంటారు. ఫోన్లో మనం ఒక్కళ్ళం. రోడ్డు మీద కూచుంటే ఎంతమందిమో వాళ్ళ కళ్ళకే తెలుస్తుంది."

మర్నాడు షెడ్డులో ఒక్క మెషినూ తిరగలేదు. ఆడవాళ్ళు లోపలికెళ్ళి బెంచీలు భుజాలకెత్తుకుని బజారు మధ్యనుంచి నడిచారు. సూపర్‌వైజరు వెంటపడి అరిచీ అరిచీ గొంతు పోగొట్టుకున్నాడు. బడి గేటుకు తాళం ఉంది. రోడ్డు మీదే, గుడ్డ మీద గీతలు గీసే సుద్దతో ఎడం ఎడంగా గుండ్రాలు గీశారు. గుండ్రానికో బెంచీ, బెంచీకో పిల్ల, ప్రతి మొహానికీ షెడ్డులో మిగిలిన గుడ్డముక్కల్తో కుట్టిన మాస్కు.

పోలీసు వ్యాను రానే వచ్చింది. "జబ్బు రోజుల్లో గుంపులేంటి? ఎవరు పిలిచారు వీళ్ళందర్నీ?" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

"నేనే," అంది కాజాలక్క.

"నేను," అంది బొత్తాల వదిన. "నేను, నేను" అంటూ అందరూ ముందుకొచ్చారు.

"ఎడం పాటించాలి కదా బాబూ, వ్యానుకి ఇద్దరి చొప్పున ఎక్కించు," అంది ఇస్త్రీ పెద్దమ్మ. "ఊళ్ళో ఉన్న వ్యాన్లన్నీ తెప్పించుకో మరి!"

అందరూ నవ్వారు. ఇన్‌స్పెక్టరు నవ్వలేదు. కాజాలక్క రెక్క పట్టుకుని వ్యానులోకి తోశాడు. అప్పుడు గేటు పక్క చిన్న తలుపు తీసుకుని తమ్ముడు బయటికొచ్చాడు.

"అక్కా, తప్పయిందని ఒక్క మాట అను. నేను కమిటీతో మాట్లాడి విడిపిస్తా."

"మొన్న ఇంతమందిని ఒక్కరిగా లెక్కేశావు," అంది ఆమె వ్యాను ఊచల్లోంచి. "ఇవాళ ఒక్కదాన్ని పట్టుకుపోతున్నారు. వెనక ఎంతమంది మిగిలారో లెక్కేసుకో."

వాడు గేటుకు జారగిలబడి నిలబడిపోయాడు. కాజాలక్క కూతురు సుద్దముక్క పట్టుకుని వచ్చింది. తరగతిలో కూడా పొరపాటున "మావయ్యా" అని పిలిచి నవ్వులపాలయ్యే పిల్ల అది. మోచేత్తో కళ్ళు తుడుచుకుంది.

"సార్, కాస్త పక్కకి జరగండి," అంది. "ఆ గేటే మా బోర్డు."

వాడు పక్కకి జరిగాడు. ఆ పిల్ల నల్లటి ఇనపగేటు మీద లెక్క రాయడం మొదలుపెట్టింది. వ్యాను మలుపు తిరిగేదాకా పిల్లలు దాన్ని పైకి చదువుతూనే ఉన్నారు.