తలుపు వైపు వంగిన పెసలు

పెసలు మొలకెత్తించడానికి విమానమెక్కి వెళ్ళాలా అని అత్తగారు ఫోన్‌లో అడిగినప్పుడల్లా ఆమె నవ్వేసేది. "తడిగుడ్డలో మూటగట్టి పడేస్తే పొద్దుటికల్లా తోకలొస్తాయి కదమ్మా, దానికి పీహెచ్‌డీ దేనికీ?" అనేది ఆవిడ. అంతటితో ఊరుకోకుండా చుట్టాలందరి దగ్గరా కోడలికి పెసల డాక్టరని పేరు పెట్టేసింది. మొదట్లో ఆ పేరు సరదాగానే ఉండేది. వరసగా రెండు విడతల మొలకలు పాడయ్యాక మాత్రం వింటే ఒళ్ళు మండుతోంది.

ఆమె పనంతా చీకట్లో. వెలుతురంటే ఎరగకుండా పెరిగిన మొలకకి మొట్టమొదటిసారి వెలుతురు తగిలితే లోపల ఏం జరుగుతుందో చూడాలి. అందుకోసం ప్రయోగశాల చివర కిటికీల్లేని గదిలో ట్రేలనిండా పెసలు చల్లి పెంచుతుంది. నీళ్ళు చిలకరించడానికి వెళ్ళినా, మొలకలకు పట్టని మసక పచ్చ బల్బు తప్ప మరో దీపం వెలగకూడదు. కొలిచే రోజుదాకా అవి తెల్లగా, నిటారుగా నిలబడాలి. రెండుసార్లూ మెడలు వంచేశాయి.

"ఈసారీ ఇలాగే అయితే ఎమ్మెస్ పట్టా తీసుకుని పీహెచ్‌డీ ఆపేయడం గురించి ఆలోచించు" అంది గైడు మేడం. మెల్లగా అంది. కోపంగా అన్నా బాగుండేది.

అప్పట్నుంచి కాలుకాలిన పిల్లిలా తిరుగుతోంది. అన్నం ముందు కూర్చుంటే మొలకలు, మొలకల ముందు నిలబడితే మేడం మాట. మంచమూ బల్లా పోగా మిగిలిన జానెడు జాగాలో అటూ ఇటూ నడుస్తుంటే, మొగుడు కాళ్ళు పైకి ముడుచుకుని దారి ఇచ్చేవాడు.

అతనిదీ అదే విశ్వవిద్యాలయం, వీధికి అవతలి భవనంలో గణాంకాలు. ఆమె ముద్దుగా లెక్కల మాస్టారంటుంది. కారణం పట్టుకునే పని మాస్టారే నెత్తినేసుకున్నాడు. సాయంత్రాలు మంచం మీద కాగితాలు పరిచి ఒక్కొక్కటీ కొట్టేస్తూ పోయాడు. గాలి కాదు, నీళ్ళు కాదు, వేడి కాదు, విత్తనం మార్చినా అంతే.

"ఇక మిగిలింది నీ హస్తవాసి" అన్నాడొకసారి నవ్వుతూ. ఆ పూటంతా ఆమె అతనితో మాట్లాడలేదు.

వాళ్ళ కాపురానికి ఒక్కటే తాళంచెవి. అది బజార్లో చేయించుకునే రకం కాదు, ఇంటి యజమానురాలే ఇవ్వాలి. గది ఒకటి, తాళంచెవి ఒకటి అన్నది ఆవిడ సిద్ధాంతం. ఆ ఒక్కటీ ఎప్పుడూ ఈమె సంచిలోనే ఉండేది. ఇంటి తాళం ఇల్లాలి దగ్గరుండాలని అతనే అన్నాడు, ఈమెకూ ఆ పెత్తనం నచ్చింది. ఆమెకి ప్రయోగశాలలో ఆలస్యమైన రోజుల్లో అతను చలిలో గుమ్మం మెట్ల మీద కూర్చుని ఉండేవాడు. "చాలాసేపయిందా?" అంటే "లేదు, ఇప్పుడే వచ్చా" అనేవాడు. ఆమె నమ్మేది.

మూడో విడత కొలవాల్సిన రోజు వచ్చింది. పచ్చ బల్బు వేసి చూసింది. మళ్ళీ వంకరే. అలవాటు ప్రకారం ట్రేలు బయటికి తీసుకుపోబోయి, అక్కడే నిలబడిపోయింది. ఇన్నాళ్ళూ ఎంత వంగాయో కొలిచింది గానీ ఎటు వంగాయో చూడలేదు. ఈ మూల ట్రే, ఆ మూల ట్రే, అన్నీ ఒక్క వైపే తలలు తిప్పాయి. తలుపు వైపు. తలుపు పక్కన కొక్కేనికి ఆమె సంచి వేలాడుతోంది.

సంచి అక్కడే వదిలి ఆమె క్లాసు చెప్పడానికి వెళ్ళే మధ్యాహ్నాలు అతనికి ఇంటి తాళంచెవి కావాల్సి వచ్చేది. బయటివాళ్ళు రాకూడదని తెలిసి కూడా, ఆ గది తలుపు తెరిచే నెంబరు అతనికి ఇచ్చింది ఆమే.

ఇంటికొచ్చి, చెప్పులు కూడా విప్పకుండా అడిగింది. "తాళంచెవికి వచ్చినప్పుడు లైటు వేశావా?"

"ఛ, స్విచ్చు ముట్టుకోవద్దన్నావుగా. ముట్టుకోలేదు."

"మరి చీకట్లో సంచిలో ఎలా వెతికావు?"

"ఫోన్ లైటుతో. చెవి దొరగ్గానే ఆర్పేశా, ఎంతసేపనీ..." అంటూనే ఆగిపోయాడు. తర్వాత నెమ్మదిగా అన్నాడు. "చంకలో పిల్లాణ్ణి పెట్టుకుని ఊరంతా వెతికాం."

ఆమెకి నవ్వు రాలేదు. "నేను ఎమ్మెస్‌తో సరిపెట్టుకుంటే నీకు హాయే కదా! ఈ ఏడాదితో నీ చదువైపోతుంది. నా కోసం ఇక్కడ కాచుకు కూర్చునే పని తప్పుతుంది."

నోరు జారాక తెలిసింది ఎంత మాట అందో. అతను మంచం మీది కాగితాలు ఒకదాని మీద ఒకటి పేర్చి బల్ల కింద పెట్టాడు.

మర్నాడు మేడం గదిలో, తలుపు సందులోంచి వెలుతురు వచ్చి ఉంటుందని చెప్పి తప్పించుకోవచ్చు. దారంతా అదే అనుకుంటూ వెళ్ళింది. తీరా నోరు తెరిస్తే నిజమే వచ్చింది. "నెంబరు నేనే ఇచ్చాను. తప్పు నాది." "ఇంకొక్క విడత. నెంబరు మార్పిస్తాను. ఆ తర్వాత నన్నేమీ అడగొద్దు" అంది మేడం.

ఆ సాయంత్రం ఆమె తాళంచెవి తీసి అతని చొక్కా జేబులో వేసింది. "ఇక నీ దగ్గరే ఉంచు" అంది. క్షమించమని మాత్రం అడగలేదు. అతను తలూపాడు. ఆ రోజుల్లో ఇద్దరి మధ్యా మాటలు అవసరానికే నడిచాయి.

నాలుగో విడత కొలిచే రోజు. పచ్చ వెలుగులో మొలకలన్నీ నిటారుగా, తెల్లగా, వరసకట్టి నిలబడి ఉన్నాయి. ఆమె నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. పనంతా ముగించి, ఫోన్‌లో చెప్పే మాట కాదని ఇంటికి పరుగెత్తింది. తలుపు తాళం వేసి ఉంది.

మెట్ల మీద కూర్చుంది. రాయి చల్లదనం బట్టల్లోంచి ఎముకల్లోకి పాకింది. వీధి దీపాలు వెలిగాయి. పై అంతస్తు మనిషి పక్కనుంచి వెళ్తూ జాలిగా చూశాడు, ఆమె ఫోన్ చూసుకుంటున్నట్టు నటించింది. లేచి తిరిగింది, మళ్ళీ కూర్చుంది. వేళ్ళు కొంకర్లు పోయాయి. లోపల చెప్పాల్సిన మాట కుతకుతలాడుతోంది, వినేవాడు రాడు. పక్కనే గోడ మీద, తల ఆనే ఎత్తులో, రంగు కాస్త నల్లబడిన మచ్చ కనిపించింది. అది ఎవరి తల ఆని పడ్డ మచ్చో ఆమెకు తెలిసిపోయింది.

వీధి మలుపులోంచి అతను పరుగున వచ్చాడు, తాళంచెవి చేత్తో పట్టుకుని. "అయ్యో, మీటింగు తెమల్లేదు. చాలాసేపయిందా?"

"లేదు" అంది ఆమె, చేతులు చంకల్లో దాచుకుంటూ. "ఇప్పుడే వచ్చా."

అతను ఆ చేతుల వైపు చూశాడు. వచ్చి ఆమె పక్కన మెట్టు మీద కూర్చున్నాడు.

"నిలబడ్డాయి" అంది ఆమె.