కొబ్బరి బన్నులు పంచి మానేసిన ఉద్యోగం

న్యూజిలాండ్‌లో, ఆక్లాండ్ కోళ్ళ ఫ్యాక్టరీలో ఆఖరి రోజున లూపే కొబ్బరిపాల బన్నులు పంచింది. ఆమెది సమోవా దీవి. సమోవావాళ్ళు ఎక్కణ్ణుంచి వెళ్ళినా తిండి పెట్టి, నాలుగు మంచిమాటలు చెప్పి వెళతారు. "ఈ ఫ్యాక్టరీ నాకు తిండి పెట్టింది. ఇష్టంగానే వెళుతున్నా" అంది. సూపర్‌వైజర్ ఇయోసెఫోని కావిలించుకుంది. అందరూ చప్పట్లు కొట్టారు.

ఆ చప్పట్ల కింద ఏముందో చెబుతాను, వినండి.

అంతకు ముందు వారం లూపే కోళ్ళు కోసే లైనులో పని మధ్య చెయ్యెత్తి బాత్రూముకు వెళతానని అడిగింది.

"లైను ఆగదక్కా, బిగబట్టుకో" అన్నాడు ఇయోసెఫో.

మళ్ళీ అడిగింది.

"పొద్దున్నే అన్ని టీలు ఎవరు తాగమన్నారు? ఉండలేకపోతే మానెయ్!" అని నవ్వాడు.

బిడ్డ తల్లి, అందరి మధ్యా నిలబడి బట్టలు తడుపుకుంది. ఆ ఇయోసెఫో ఆదివారం ఆమె చర్చిలో పెద్దమనిషి. అతని పరువు తీస్తే తన పరువూ వీధిన పడుతుంది. నోరు మూసుకుని మానేసింది.

నిరుద్యోగ భృతి ఆఫీసులో కుర్రాడు అడిగాడు. "ఎందుకు మానేశారు ఆంటీ?"

"అలిసిపోయాను బాబూ."

"మీరు సంతోషంగా వెళ్ళారంటున్నారు ఫ్యాక్టరీవాళ్ళు. బన్నులు కూడా పంచారట. వేరే కారణముంటే చెప్పండి."

కొడుకు ఈడువాడికి ఆ మాట ఎట్లా చెబుతుంది? "ఇంకేం లేదు బాబూ" అంది. తనంతట తానే మానేసింది కాబట్టి పదమూడు వారాలు భృతి లేదన్నారు.

ఆ వారాల్లోనే అద్దె ఇల్లు పోయింది. కూతురు సియెనితో సొంత తమ్ముడి కారు షెడ్డులో పరుపేసుకుంది. గోడలకు చెమ్మ. పిల్లకు దగ్గు పట్టుకుని వదల్లేదు.

ఒక ఆదివారం చర్చిలో ప్రార్థనయ్యాక భోజనాల దగ్గర ఇయోసెఫో పిలిచాడు. "రా అక్కా, కూర్చో. పిల్లకేంటి ఆ దగ్గు?"

లూపే కూర్చోలేదు.

"నువ్వు బాత్రూముకు పోనివ్వకపోతే వచ్చిన దగ్గు తమ్ముడూ" అంది, అందరికీ వినబడేలా. తర్వాత అదే చర్చికి వచ్చే, లైనులో పనిచేసే ఆడవాళ్ళ వైపు తిరిగింది. "అమ్మలూ, నేను ఇష్టపడి మానలేదు. నాలా బన్నులు పంచి పోకండి. పోయేముందే అరవండి."

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ఒకామె కంచం ముందు ఏడ్చింది. పోయిన ఇల్లు తిరిగి రాలేదు, పిల్ల దగ్గూ తగ్గలేదు.

మానేస్తే పస్తులే అని చెప్పే చట్టం ఎవడికి పనికొస్తుందో చూశారుగా? మనిషిని అవమానించి తరిమినవాడి చేతికి కొరడా ఇచ్చి, తరిమించుకున్నదాన్ని ఆకలితో కొట్టే ఆ చట్టాన్ని మార్చేదాకా, ఏ కూలి మనిషీ తన అవమానాన్ని మర్యాద కింద దాచుకోకూడదు.